మా అక్క పూడ్చిన గుంతలు

రిటైరైన ఇంజనీర్లను పిలిచి శాలువా కప్పే సభల్లో ఒక ప్రశ్న తప్పదు. "సార్, మీరు కట్టినవాటిలో మీకు బాగా ఇష్టమైనది ఏది?" అని అడుగుతారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు పెన్నులు తీసి ముందుకు వంగుతారు. నేనూ ఏదో ఒక చెక్‌డ్యామ్ పేరు చెప్పి, నాలుగు చప్పట్లు కొట్టించుకుని, వాళ్లు పెట్టిన కేసరీబాత్ తిని ఇంటికొస్తాను. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చేది మేం కట్టనిది. దాని గురించి ఏ సభలోనూ నోరు విప్పలేదు. చెప్పే ముఖం లేక ఊరుకున్నాను. కొత్తగా చేరిన ఇంజనీర్లు మీరు కాబట్టి, ఈ రోజు చెబుతున్నాను.

హోసూరుకీ కృష్ణగిరికీ నడుమ, హైవే వదిలి లోపలికి పోతే, కొండల్లో ఒక చిన్న డ్యామ్ ఉంది. పేరు చెప్పను. చెబితే మీలో ఎవడో ఒకడు ఈ సాయంత్రమే బైకు వేసుకుని చూడటానికి పోతాడు, ఆ పక్క పల్లెలో నా పేరెత్తుతాడు. వద్దు బాబూ, ఆ మాత్రం దయ చూపండి. ఆ డ్యామ్ ఎత్తు పెంచాలని మేం ఏళ్ల తరబడి ప్లాన్లు గీశాం. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది ఎంత ఎత్తుందో ఈ రోజుకీ అంతే ఉంది.

అవి తొంభైల నడిమి రోజులు. కృష్ణగిరి ఇంకా జిల్లా కాలేదు, ధర్మపురి కిందే ఉండేవాళ్లం. నేను కృష్ణగిరి ఆఫీసులో జూనియర్ ఇంజనీర్ని, కాపురం హోసూరులో. అత్తిముగం పక్క పుట్టినవాణ్ని; ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మా పెద్దసారు కావేరి డెల్టా మనిషి. కాలువల్లో నీళ్లు పారుతుంటే చూస్తూ పెరిగిన ఆయనకు, బోరు గొట్టానికి చెవి పెట్టి నీళ్ల చప్పుడు వినే మా జనాన్ని చూస్తే నిజంగానే కడుపు తరుక్కుపోయేది. వానాకాలంలో డ్యామ్ పొర్లి నీళ్లు వృథాగా పోతున్నాయని, కట్ట లేపి షట్టర్లు పెడితే కింద ఎన్నో ఊళ్లు రెండో పంట చూస్తాయని ఆయన ఆశ. ఆ ఆశతోనే ఫైలు మొదలైంది.

డ్యామ్ ఎత్తు పెరిగితే వెనకాల నీళ్లు కొండల మీదికి పాకుతాయి. ఎంతదాకా పాకుతాయో ముందుగానే లెవెల్ చూసి, ఆ గీత వెంబడి రాళ్లు పాతి సున్నం కొడతాం. రాళ్లకు కింద ఉన్నది మునిగేది, పైన ఉన్నది మిగిలేది. మేం పాతిన రాళ్లకు కింద ఒక చిన్న పల్లె పొలాలన్నీ వచ్చాయి, ఇళ్లు కూడా సగం వచ్చాయి. మేకలు కాసుకుని, రాగి, ఉలవ చల్లుకుని బతికే తెలుగు కుటుంబాలు. మా అక్కను ఇచ్చింది ఆ పల్లెకే.

ఈ సంగతి తెలిసినప్పుడు పెద్దసారు సంతోషంతో కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. వేరే ఇంజనీరైతే తన సొంతవాళ్ల భూమి పోతుందని చెప్పి బదిలీ అడిగేవాడు. నేను అడగలేదు. "మీ భాష, మీ మనుషులు. నువ్వు చెబితే వింటారు. మేం చెబితే రాళ్లు పీకి చేలగట్టున వేసుకుంటారు" అన్నాడాయన తమిళంలో. నాకు ఒళ్లంతా పొంగింది. చిన్నప్పుడు అక్క కొంగు పట్టుకుని తిరిగినవాణ్ని, ఇప్పుడు గవర్నమెంటు జీపులో ఆమె ఊరికి పోతున్నాను. అంత సంబరంలో బుర్ర పని చేస్తుందా?

పల్లెవాళ్లంతా రాగి కళ్లంలో కూర్చున్నారు. మా అక్క ఆడవాళ్ల మధ్య కూర్చుని, పక్కనున్నవాళ్లకు నన్ను చూపిస్తూ ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో వినకపోయినా తెలుసు. "మా తమ్ముడు, ఇంజనీరు" అని ఆమె చెప్పని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. మా బావ ఒక మూల గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆయన ముఖంలో మాత్రం సంబరం లేదు, దానికి కారణం ఉంది.

ఆ వేసవంతా బావ ఒక్కడే, ఎర్రటి గులకనేలలో, మామిడి గుంతలు తవ్వాడు. కృష్ణగిరి పక్క తోతాపురి తోపు ఉన్నవాడు రాజు కదా, కాయ దిగితే జ్యూసు ఫ్యాక్టరీ లారీ ఇంటి ముందుకే వస్తుంది. అంటుమొక్కలు తెచ్చి ఇంటి వెనక నీడలో తడి గోనెపట్టలు కప్పి ఉంచాడు. మొదటి వాన పడగానే నాటాలి. "నాలుగైదేండ్లు ఓర్చుకుంటే చాలు, ఇంక ఎవని గడప తొక్కి కూలి అడిగేది లేదు" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. అక్కాబావల జీవితంలో కోరిక అంటూ ఉంటే అదొక్కటే. ఆ గుంతలన్నీ నా తెల్ల రాళ్లకు కిందే ఉన్నాయి.

నేను లేచి గొంతు సవరించుకున్నాను. "ఆ రాళ్లకు కింద ఇంక చెట్టు నాటొద్దండి. బావి తవ్వొద్దండి. ఇండ్లు కట్టొద్దండి. ఇప్పుడు ఉండేదానికే నష్టపరిహారం. రాళ్లు పడినాక చేసిందానికి గవర్నమెంటు ఏమీ ఇయ్యదు, మీ కష్టమంతా నీళ్లపాలు" అని చెప్పాను.

"నీళ్లు ఎప్పటికి వస్తాయప్పా?" అని ఎవరో అడిగారు.

"రెండు మూడేండ్లలో వచ్చేస్తాయి."

ఆ రెండు మూడేళ్లు నేను ఎక్కడి నుంచి తెచ్చాను? గాలిలోంచి. మా ఫైలు అప్పటికి చెన్నై కూడా చేరలేదు. మంజూరు అవుతుందో లేదో దేవుడికి కూడా తెలియదు. ఇది ఇంకా ఆలోచనే, జరగొచ్చు, జరగకపోవచ్చు అని చెప్పి ఉండాల్సింది. కానీ జీపు దిగినవాడు, వియ్యాలవారి ఊళ్లో, అక్క చూస్తుండగా, "నాకు తెలీదు" అని ఎలా అంటాడు? అంత చిన్న మాట నా గొంతు దాటలేదు.

మా బావ పొలానికి ఆనుకుని పొలం ఉన్న ఒక పెద్దాయన లేచాడు. మేకల మంద ఉంది ఆయనకు, నోరూ ఉంది. సొంతంగా ఒక బావి తవ్వడం మొదలుపెట్టి సగంలో ఉన్నాడు. "ఏమప్పా, గవర్నమెంటోళ్లు మాకు ఎన్ని చెప్పలేదు? రోడ్డు వస్తాదన్నారు, కరెంటు వస్తాదన్నారు. వచ్చిందా? నీ మాట నేను నమ్మను, రాళ్లనూ నమ్మను. మీ అక్క ఏం చేస్తాదో చూసి నమ్ముతాను" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు అక్క నన్ను ఏమీ అడగలేదు. సంగటి పెట్టింది, అనపగింజల పులుసు పోసింది, "జీపాయనకూ పెట్టినానురా, నువ్వు నిదానంగా తిను" అంది. బావ అన్నం దగ్గరికి రాలేదు.

తర్వాతి వారం లెవెల్ పని మీద మళ్లీ పోయినప్పుడు చూశాను. బావ తవ్విన గుంతలన్నీ పూడ్చేసి, నేల చదును చేసి, ఉలవలు చల్లి ఉన్నాయి. పూడ్చింది అక్కేనట, బావ పార పట్టుకోలేదట. అంటుమొక్కలను కుందారపల్లి పక్క ఉన్న బావ చుట్టాలకు ఇచ్చేశారు. మేకల పెద్దాయన బావి పని కూడా ఆగిపోయింది. ఊళ్లో మామిడి నాటాలని అనుకున్నవాళ్లు, బోరు వేయాలని అనుకున్నవాళ్లు, పెంకులు మార్చాలని అనుకున్నవాళ్లు అందరూ ఆగిపోయారు. ఇంజనీరు సొంత అక్కే పూడ్చేసుకుంది, ఇంక అనుమానం ఏముంది? వాళ్లు గవర్నమెంటు మాట వినలేదు, మా రాళ్లను చూడలేదు. మా అక్క చేను చూసి తలరాత తేల్చుకున్నారు. ఇలాంటి పొరపాటు వేరే ఎవరూ చెయ్యరు, మావాళ్లే చేస్తారు.

ఆ పూడ్చిన గుంతలు చూసినప్పుడు నాకేమనిపించిందో మీకు చెప్పకపోతే ఇదంతా చెప్పడం దండగ. గర్వంగా అనిపించింది. ఆఫీసుకు పోయి పెద్దసారుతో "మాట విన్నారు సార్" అని చెప్పాను కూడా. ఆయన నా భుజం తట్టాడు.

ఇక ఫైలు సంగతి. అది కృష్ణగిరి నుంచి చెన్నై పోయేది, ఒక సందేహంతో తిరిగొచ్చేది. ఎడమ కొండ వైపు రాయి గట్టిదేనా? పరీక్ష చేయించి పంపాం. కట్ట లేపితే పాత రాతిగోడ ఆ బరువు ఓర్చుకుంటుందా? లెక్కలు కట్టి పంపాం. ఖర్చు ఎక్కువైంది, ఎత్తు కొంచెం తగ్గించండి. తగ్గించి పంపాం. తగ్గించారు కాబట్టి లాభం సరిపోదు, పెంచండి. ప్రతిసారీ మ్యాపు కొత్తగా గీయాలి. మా డ్రాయింగ్ సెక్షన్లో ఒకామె ఉండేది, కన్నడం ఇంటి మనిషి, చెయ్యి బంగారం, నోరు కారం. నీళ్లు వచ్చే మేర నీలి రంగు నింపడం ఆమె పని. ఒకసారి బ్రష్షు కడుగుతూ నన్ను చూసి, "సార్, ఈ పల్లెను నేను ఎన్నిసార్లు ముంచినానో నాకే లెక్క తెలీదు. ఆ జనం ఇంకా ఆడనే ఉండారా?" అంది. "ఉండారమ్మా, యాడికి పోతారు?" అన్నాను. "మీ అక్క కూడా?" అని అడిగింది. నేను టీ తాగడానికి బయటికి పోయాను.

ఆ జనం నిజంగానే అక్కడే ఉన్నారు, ఏ రోజు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. రాళ్లకు పైన ఉన్న పక్క పల్లెలో తోపులు పెరిగాయి, కాపుకొచ్చాయి, వేసవిలో లారీలు వచ్చిపోయేవి. రాళ్లకు కింద రాగి, ఉలవ, మేకలు. వాన పడితే గింజ, పడకపోతే గడ్డి. మేకల పెద్దాయన సగం బావిలో ఒక మేకపిల్ల పడి కాలు విరగ్గొట్టుకుంటే ఆయన దాని చుట్టూ ముళ్లకంప వేశాడు. కట్ట లేస్తే మునిగే ఊరని బ్యాంకువాళ్లు లోను ఇచ్చేవాళ్లు కాదు. మునిగిపోయే ఊరికి పిల్లనెలా ఇస్తామని పక్క ఊళ్లవాళ్లు అనేవాళ్లు. మగపిల్లలు ఒక్కొక్కరే హోసూరు బస్సెక్కారు, కంపెనీల్లో లోడింగ్ పనికి, బిల్డింగుల్లో ఇటుక మోయడానికి. మా బావ కూడా హోసూరు బయట ఒక రాళ్ల క్వారీలో కాపలా ఉద్యోగానికి వచ్చాడు. ఎవరి గడపా తొక్కనని అన్న మనిషి ఒక రేకుల షెడ్డులో పడుకునేవాడు, వారానికోసారి ఇంటికి పోయేవాడు.

ఒక ఆదివారం బావ మా ఇంటికి వచ్చాడు. టీ కూడా ముట్టలేదు. ఒళ్లంతా రాతి దుమ్ము, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీతో ఒక మాట అడగాల, నిజం చెప్పు. ఆ నేలలో నాటుకునేదా, వద్దా?" అన్నాడు.

"ఫైలు చెన్నైలో ఉండాది బావా. ఇంకొక ఏడాది చూడు" అన్నాను.

"ఏడాది, ఏడాది అని ఎన్నేండ్లు చెప్తావప్పా? పోయిన వానకు నేనే నాటేద్దామని చూసినాను. మునిగితే మునగనీ, నా కూలి పోతే పోనీ అనుకున్నాను. మీ అక్క అడ్డం పడుకునింది."

"ఎందుకు?"

"నేను నాటితే ఊరంతా నాటుతారంట. అప్పుడు నా తమ్ముడు చెప్పింది అబద్ధమైపోతాది, వాడు ఈ ఊర్లోకి ఏం ముఖం పెట్టుకుని వస్తాడు అనింది. నాకు అన్నం పెట్టి మరీ చెప్పింది ఆ మాట."

ఆ నేలలో చెట్టు లేనిది నీళ్ల కోసం కాదు, నా పరువు కోసం. ఇన్నాళ్లూ ఆమె కాపలా కాస్తున్నది దానికి. ఆ నిమిషంలోనైనా "బావా, ఏమవుతుందో నాకు తెలీదు, మీరు నాటుకోండి" అని అనొచ్చు కదా. అనలేదు. నీళ్లు నమిలాను. "పై వాళ్లను అడిగి చెప్తాను" అన్నాను. బావ తువాలు దులుపుకుని లేచిపోయాడు. మా ఆవిడ వంటింట్లోంచి అంతా విన్నది. ఆ పూట నాకు అన్నం వడ్డించి తను పక్కింటికి పోయింది.

తర్వాత కరువు కాలం వచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక మా పక్క వానలు ముఖం చాటేశాయి. పెద్దసారు ప్రమోషన్ మీద పోయాడు, ఆయన స్థానంలో కొత్తసారు వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడు, తిన్నగా మాట్లాడేవాడు. అట్టపెట్టెడు అయిన మా ఫైలు రెండు రోజులు చదివి నన్ను పిలిచి ఒకటే ప్రశ్న వేశాడు. "ఈ డ్యామ్ ఆఖరిసారి ఎప్పుడు పొర్లింది?"

నేను ఆలోచించాను. పొర్లడం అటుంచి, నిండటమే ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు. మేం లెక్కలన్నీ పాత వానల మీద, డ్యామ్‌లోకి నీళ్లు తెచ్చే వాగు పాత పారుదల మీద కట్టాం. ఆ తర్వాత ఎగువన కొత్త చెరువులు తవ్వారు, ఎక్కడ చూసినా బోర్లు వేశారు, గుట్టలు తవ్వి క్వారీలు పెట్టారు. వాగు సన్నబడిపోయింది. మాలో ఒక్కరం కూడా ఆ వాగు ఒడ్డుకు పోయి, "నీళ్లు ఇంకా వస్తున్నాయా?" అని చూడలేదు. సందేహాలకు జవాబులు రాయడంలో మునిగిపోయాం. ఉన్న డ్యామే నిండనప్పుడు దాన్ని పెంచి అందులో ఏం పోస్తాం? కొత్తసారు ఈ మాటే నాలుగు పేరాల్లో రాసి చెన్నైకి పంపాడు. మొదటిసారి ఏ సందేహమూ లేకుండా జవాబు వచ్చింది. ప్రతిపాదన విరమించుకున్నారు.

"సార్, ఆ పల్లెకు చెప్పాలి" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "ఏమని చెప్పాలి? మనం వాళ్లకు నోటీసు ఇచ్చామా? భూమి తీసుకున్నామా? ఏమీ లేనప్పుడు రద్దు చేసేది ఏముంది?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మీ ఊరు మునుగుతుందని చెప్పడానికి మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. మునగదని చెప్పడానికి ఏ పద్ధతీ లేదు. అసలు ఆ పల్లెకు ఆఫీసు ఏమీ చెప్పలేదు, చెప్పింది నా నోరే. దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది కూడా నేనే.

అయినా వెంటనే పోలేదు. జ్వరమని ఒక వారం, బంధువుల పెళ్లని ఒక వారం వాయిదా వేశాను. చివరికి ఒక ఉదయం షూలగిరిలో బస్సు దిగి, షేర్ ఆటోలో కొంత దూరం పోయి, మిగతాది నడిచాను. దారి పొడవునా ఏం మాట్లాడాలో నోట్లోనే వల్లించుకున్నాను. సున్నం పోయి నల్లబడిన మా రాళ్లు అక్కడక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి.

అక్క వాకిట్లో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. ఆమె మోకాళ్లు అప్పటికే పాడయ్యాయి, ఒక కాలు చాచుకుని కూర్చుంది. "ఏంరా, ఇంత ఎండలో నడిచొచ్చినావు? జీపు యాడ?" అంది.

"జీపు లేదక్కా." పక్కన కూర్చుని చెప్పేశాను. కట్ట లేపడం లేదు, నీళ్లు రావు, ఎప్పటికీ రావు అని. వల్లించుకున్నదంతా ఎగిరిపోయి ఆ మూడు ముక్కలే మిగిలాయి.

అక్క చేట ఆపింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె అడిగింది వేరే. "నీకు ముందే తెలుసునా?"

"తెల్దక్కా. వస్తాయో రావో నాకు ఆ రోజే తెల్దు."

"తెల్దని నాకు చెప్పుండచ్చు గదరా. ఊరికి చెప్పకపోతే పోయె. నాకు చెప్పుండచ్చు గదా" అంది. గొంతు పెంచలేదు. ఆమె చేతులు చేటలో ఊరికే కదులుతున్నాయి. అంత సిగ్గు నేను జన్మలో ఎప్పుడూ పడలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ ఉలవల వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆమె గోడ పట్టుకుని లేచింది. "నాకు ఇంట్లో కూర్చోని చెప్తే సరిపోదు. ఆ పొద్దు యాడ నిలబడి చెప్పినావో ఆడనే నిలబడి చెప్పు. రా" అంది. కుంటుకుంటూ ఇంటింటికీ పోయి తనే అందరినీ పిలిచింది.

కళ్లంలో మనుషులు తక్కువ. మగవాళ్లలో ముసలివాళ్లే ఉన్నారు, వయసు పిల్లలంతా హోసూరులో ఉన్నారు. ఆ రోజు బావ ఇంటికి వచ్చి ఉన్నాడు, అదే మూల కూర్చున్నాడు. నేను నిలబడి చెప్పాను. కట్ట లేపడం మానుకున్నారని, నీళ్లు రావని, నేను ఆ రోజు తెలియనిది తెలిసినట్లు చెప్పానని.  

మేకల పెద్దాయన చాలా ముసలివాడైపోయాడు. కర్ర ఆనించుకుని, "అట్లయితే ఇంక నాటుకోవచ్చునా?" అన్నాడు.

"నాటుకోవచ్చుప్పా."

"బావి తవ్వుకోవచ్చునా?"

"తవ్వుకోవచ్చు."

"ఎవరు తవ్వుతారప్పా ఇప్పుడు? నా కొడుకులు ఆడ మోస్తాండారు, నాకేమో పార లేవదు" అన్నాడు. కోపంగా కాదు, పక్కింటివాడితో వాన గురించి మాట్లాడినట్లు అన్నాడు. ఒక్కడు అరిచి ఉంటే, ఒక్కడు నా చొక్కా పట్టుకుని ఉంటే నాకు ఊపిరాడేది. ఒకావిడ పోయి మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎండలో నడిచి వచ్చాడని అంది. ఆ మజ్జిగ ఎలా తాగానో నాకే తెలియదు.

అప్పుడు వాళ్లంతా నెమ్మదిగా మా అక్క వైపు తిరిగారు. నేను చెప్పింది సరే, ఆమె ఏం చేస్తుందో చూడాలి కదా. అది గమనించి నా ప్రాణం పోయినంత పనైంది. అక్క లేచి నిలబడింది. "నా పక్క చూడొద్దండి. ఆ పొద్దు నన్ను చూసి చెడినారు. ఇంక నా చేను పక్క ఎవరూ చూడొద్దు. ఎవరిది వాళ్లు నాటుకోండి, ఎవరిది వాళ్లు తవ్వుకోండి. ఊరంతా నాటినాక నేను నాటతాను" అంది.

బావ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఇంకా ఎన్నేళ్లు అని అడుగుతాడేమో అనుకున్నాను. తుండు భుజం మీద వేసుకుని చేను వైపు పోయాడు.

ఆమె అన్నంత పనీ చేసింది. ఆ సంవత్సరం కొందరు నాటారు, మరుసటి ఏడాది కొందరు. హోసూరు పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు, చాలామంది రాలేదు. నేను మనసాగక ఒక టెంపోలో అంటుమొక్కలు తీసుకుపోయాను, అక్క చేనుకని. ఆమె టెంపోను వాకిట్లో ఆగనివ్వలేదు. మేకల పెద్దాయన ఇంటి ముందు దింపించింది. ఊళ్లో చివరి ఇల్లు నాటిన తర్వాతే బావతో గుంతలు తవ్వించింది. అప్పటికి బావకు అరవై దాటాయి, నడుము వంగింది. ఒక్కో గుంత దగ్గర కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని తవ్వాడట. ఆయన కాపు చూశాడు, కానీ రెండు కాపులే చూశాడు.

పల్లెవాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడే కాదు, ఇప్పటికీ అనరు. కానీ ఒకటి మారింది. ఇంతకుముందు నేను పోతే చుట్టూ చేరేవాళ్లు. పట్టా గురించి, పింఛను గురించి, పిల్లాణ్ని ఏ కోర్సులో చేర్చాలి అని, ఏదో ఒకటి అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు. "బాగుండావా అప్పా?" అంటారు, కూర్చోమంటారు, తినమంటారు. అంతే.

మీకు ఉపన్యాసం ఇవ్వను. నేను ఇచ్చిన ఉపన్యాసాలు చాలు. ఒకటే చెబుతాను, మీరు రేపు ఏ గుట్ట మీద నిలబడి ఏ రాళ్లు పాతినా, జనం అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి. ఆ క్షణం మీ పరువు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. మీరు దాచుకున్న పరువుకు ఇంకెవరో ఇంట్లో కూర్చుని కాపలా కాస్తుంటారు.

నేను రిటైరైన తర్వాత ఆ పల్లెలో ఒక పెళ్లికి పోయాను. మేకల పెద్దాయన మనవడి పెళ్లి, పిల్ల మత్తూరు పక్కది. కొత్త పెళ్లికూతురు పెద్దవాళ్లందరి కాళ్లకూ మొక్కుతూ మా అక్క దగ్గరికి వచ్చింది, పక్కన నన్ను చూసింది. "ఈయప్ప ఎవరవ్వా?" అని అడిగింది.

"మా తమ్ముడు. హోసూరులో ఉంటాడు" అంది అక్క.

ఆ పిల్ల చదువుకున్నది, కలుపుగోలు మనిషి. "ఏం ఉద్యోగం చేసినారు?" అని నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అక్క నా చెయ్యి నొక్కింది. "ఏదో కంపెనీలో చేసినాడమ్మా" అని చెప్పి, ఆ పిల్ల తల నిమిరి పంపించేసింది. మా అక్క అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే.